ఎనభై ఎడమ చేతులు

గుండీలావిడా? ఎగతాళి చేస్తున్నావు కదూ? నిజం చెప్పవే!

ఈ నెలాఖరుకి మన టైలరింగ్ షాపు మూతపడుతోంది. కొత్త చోట నిన్ను కటింగ్ బల్లకి తీసుకుంటూ, వెంట ఇంకొకర్ని తెచ్చుకోమన్నారు. ఉన్నది ఒక్క చోటు. దానికి నేను గుర్తు రాలేదు, గుండీలు కుట్టే ఆవిడ గుర్తొచ్చిందా!

ఆవిడకి కళ్ళే ఆనవు కదే. "అమ్మాయ్, కాస్త దారం ఎక్కించి పెట్టు." రోజుకి ఇరవై సార్లు. ఆవిడ చేరి ఎనిమిది నెలలు. ఎంత లేదన్నా నాలుగు వేల సార్లు ఎక్కించి ఉంటావు. తిరిగి ఆవిడ నీకేం చేసింది? ఒక్క గుండీ కుట్టిపెట్టిందా?

మరి నీకు కత్తెర పట్టుకోవడం నేర్పిందెవరు? నీ పాపకి జ్వరమొస్తే వారం పాటు నీ పని కూడా నెత్తినేసుకున్నదెవరు? మొహం అలా పెట్టకు. దెప్పడం లేదు. సరే, దెప్పడమే అనుకో!

ఏంటీ? మళ్ళీ అను.

"అక్కా, నువ్వు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు"... అడగాలా? అడిగితేనే మనిషా?

నీకు చేసేకొద్దీ నువ్వంటే నాకు ఇష్టం పెరిగిందే. నీకూ అంతే పెరుగుతోందనుకున్నాను, పిచ్చిదాన్ని! నీ ఇష్టమంతా ఆవిడ సూది వెంట పోయింది. ఎందుకు పోదు? ఆవిడకి చేసింది నువ్వు కదా!

నర్సుల కోట్లు గుర్తున్నాయా? నలభై కోట్లు, ఎనభై చేతులు. కుడి చేతుల కోసం సగం బట్ట తిరగేసి పరవడం మర్చిపోయి, ఎనభైకి ఎనభై ఎడమ చేతులే కత్తిరించావు. ఆ తప్పు నాదేనని ఓనరు ముందు తల దించుకున్నాను. మూడు నెలలు నన్ను కటింగ్ బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆ రోజు నా భుజం మీద పడి ఎంత ఏడ్చావో!

ఇన్నాళ్ళూ చెప్పని మాటొకటి చెప్పనా?

నువ్వు బట్ట పరుస్తున్నప్పుడే చూశాను. "ఆగవే" అంటే సరిపోయేది. అనలేదు. కత్తెర కరకరమంటుంటే, ఇటు తిరిగి కాలర్లు ఇస్త్రీ చేసుకుంటూ నిలబడ్డాను. నువ్వు మునగాలి, నేను తేల్చాలి... నీకు నా అవసరం పడాలన్న ఆశ అలాంటిది.

అలా చూడకు. తిట్టు, పడతాను.

ఏమిటీ? ఇదంతా విన్నాక కూడా, "ఇప్పుడైనా అడుగక్కా" అంటావా?

రెండే మాటలు. నాలుక చివరనే ఉన్నాయి. ఊహూఁ... రావట్లేదే.

పోనీలే. నువ్వెళ్ళు. ఆవిడ గుమ్మంలో ఎదురు చూస్తోంది. మెట్లు దిగడానికి నీ చెయ్యి కావాలట.