ఖాళీగా వదిలేసిన రెండో గీత

కూర్చో ట్రెంట్. సాక్షి సంతకమేగా, పెడతాలే, నా చెయ్యేం అరిగిపోదు. చికెన్ కొట్టు ఫ్రాంచైజీ అంటున్నావు, మంచిదే. మన మెయిన్ రోడ్డు మీద అలాంటిదే, ఎర్ర టోపీ బొమ్మ ఉన్న కొట్టొకటి ఉండేది, నువ్వు అప్పటికి పుట్టలేదు. డెల్బర్ట్ క్రమ్ అని, ఆయన నడిపేవాడు. నడిపేవాడని పేరు. పొద్దున్నే తలుపు తీయడం, కోడిముక్కలకి పిండి పట్టించడం, వేయించడం, పనివాళ్లని అదిలించడం, అంతా వాళ్లావిడ లొవెటా. ఈయన ముందు నిలబడి వచ్చినవాళ్లతో మంచు గురించి మాట్లాడేవాడు. చెడ్డవాడని అనను. తాగడు, ఆదివారం చర్చి మానడు. కాగితం చదవాలంటే మాత్రం బద్ధకం. ఆ బద్ధకాన్ని తప్పనే అంటాను, చచ్చిపోయాడని మాట మార్చను.

కంపెనీ కాగితాల కట్ట పట్టుకెళ్లింది నేనే, అప్పుడు ఈ ఊరి పోస్ట్‌మాన్‌ని కదా. యజమాని సంతకానికి ఒక గీత, దాని కింద భాగస్వామి సంతకానికి ఇంకో గీత. "లొవెటాని పిలవనా?" అన్నాను. "దాని చేతులు పిండిలో ఉన్నాయి, ఇప్పుడెందుకులే," అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఏం చెప్తున్నాను... ఆ, తరవాత ఇరవై రెండేళ్లు బాగానే గడిచాయి. కొత్త మేనేజర్లకి పని నేర్పమని కంపెనీవాళ్లే లొవెటా దగ్గరికి పంపేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం డెల్బర్ట్‌కి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, నోట్లో ఒక్క మాట మిగిలింది, "సరే" అని. యజమాని ఆరు నెలలు కొట్టుకి రాలేకపోతే కొట్టు పోతుందని కాగితంలో ఉందట. లొవెటా ఏం చేసిందనుకున్నావు? రోజూ ఆయనకి టోపీ పెట్టి, పేరు బిళ్ల తగిలించి, చక్రాల కుర్చీలో కిటికీ పక్కన కూర్చోబెట్టేది. తనిఖీకొచ్చినవాడు "అంతా మీరే చూసుకుంటున్నారా డెల్బర్ట్?" అంటే "సరే." "కొత్త నూనె వాడాలి మరి," అంటే "సరే." ఇంత వినయంగల యజమానిని చూడలేదని ఆ ఏడాది ఉత్తమ యజమాని ఫలకం ఇచ్చారు. గోడకి కొట్టిన మేకు నాదే.

నవ్వకు. లొవెటా చేసింది మోసమే, నేనలాగే అంటాను. కానీ ఆ మోసం ఎందుకు చెయ్యాల్సొచ్చిందో చూడు.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. కంపెనీ నుంచి పూలగుత్తీ ఉత్తరమూ ఒకేరోజు వచ్చాయి, రెండూ నా చేత్తోనే ఇచ్చాను. వారసులెవరైనా కొట్టు నడపాలంటే ఐదేళ్లు పని చేసినట్టు రుజువు చూపించి, కంపెనీ బడిలో చేరాలి. ఈమె వెళ్లింది. బడిలో బల్ల వెనక కూర్చున్నవాడు ఈమె దగ్గర పని నేర్చుకున్నవాడే. సిగ్గుపడ్డాడట పాపం. "రుజువు కావాలమ్మా. డెల్బర్ట్ పనివాళ్ల జాబితాలో ఎక్కడా మీ పేరు రాయలేదు," అన్నాడు. ఆమె చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా నూనె చింది కాలిన మచ్చలు చూపించింది. "ఫారంలో దానికి చోటు లేదమ్మా," అన్నాడు.

కొట్టు డేటన్ పట్నం నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరుకి ఇచ్చారు. కోడిని పళ్లెంలో తప్ప చూడలేదు ఆయన. పని తెలిసినవాళ్లు కావాలి కదా, లొవెటానే పిలిచి పెట్టుకున్నాడు. ఆమె గుండె మీద బిళ్ల నేను చదివాను, "కొత్తగా చేరాను, ఓపిక పట్టండి" అని. అరవై ఒకటో ఏట. ఆ ఫలకం ఇంకా గోడ మీదే ఉంది, దాని కింద నిలబడే వేయించేది. నన్ను చూసి ఎప్పట్లాగే ముక్కలు పొట్లం కట్టిచ్చింది. తిట్టుంటే బాగుండేది.

ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. ఇక్కడా నీ సంతకమొక్కటే ఉందేం? ఇందాక కిటికీలోంచి చూశాను, కార్లో కూర్చున్నది మీ ఆవిడేనా? చలిలో అక్కడెందుకు వదిలేశావు? పెన్ను బల్ల మీద పెట్టు. వెళ్లి పిలుచుకురా. నేను కాఫీ పెడతాను.