ఓడ పలక దాటించిన నెవెంకా గారికి

సభాధ్యక్షులు డాక్టర్ రోకో బజీనా గారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక వరసలో చేరి అప్పుడే వైన్ మొదలుపెట్టిన మిత్రులకు, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మా వ్యాయామ గురువు నెవెంకా గారికి నమస్కారాలు. నా పేరు షీమే. విస్ దీవిలో పడవలు చేసేవాణ్ణి. పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక చేతిలో సుత్తి నిలవలేదు, గొంతూ పీలగా అయిపోయింది, కాస్త ఓపిక పట్టి వినండి. ఇన్నేళ్ళుగా నెవెంకా గారు నాకు కంప్యూటర్ తెర మీద భుజాల దాకానే తెలుసు. ఒక్కసారి ఆవిడ చెయ్యి పట్టుకుని మాట చెప్పాలని ఇంత దూరం వచ్చాను.

గాలి రేగితే మాకు ఓడ రాదు. ఈ స్ప్లిట్ పట్నానికి వచ్చి వ్యాయామం చేసి వెళ్ళడం దీవుల్లో ఈ జబ్బున్న మా వల్ల అయ్యే పని కాదు కాబట్టి, ఈవిడే తెరలోంచి మా వంటిళ్ళలోకి వచ్చారు. వచ్చింది మాత్రం పొద్దున పదింటికి, సరిగ్గా మేము ఉప్పుచేపలు, రొట్టె ముందేసుకుని మరెందాకు, అంటే మా పొద్దుటి ఫలహారానికి, కూర్చునే వేళకి. "షీమే గారూ, ఆ పళ్ళెం అవతల పెట్టండి, నమలడం వ్యాయామం కాదు" అన్నారు. (నవ్వులు) బరువుకి నీళ్ళ సీసాలు పట్టుకోమన్నారు. వాన నీళ్ళు దాచుకుని తాగే మాకు సీసాల్లో నీళ్ళెక్కడివి, వైన్ సీసాలు పట్టుకున్నాం. తరగతి ముగిసేసరికి బరువు చాలా తగ్గేది, డాక్టర్ గారు విననట్టు ఉండాలి. (నవ్వులు)

ఈ జబ్బులో నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర కాలు ఆగిపోతుంది, మేకు కొట్టినట్టే. లాస్తొవో దీవి నుంచి తరగతిలో చేరిన పెరీనా వెంటనే అడిగేది, "నెట్టు ఆగిందా, అన్నయ్య ఆగాడా?" "కళ్ళార్పుతున్నాడుగా, నెట్టు బానే ఉంది" అనేవాళ్ళు మిగతావాళ్ళు. నెవెంకా గారు జాలిపడేవారు కాదు. బల్ల మీద తాళం వేస్తూ, "ఎదురుగా గీత ఉందనుకోండి, దాటండి" అనేవారు.

ఇప్పుడు నిజం చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఓడ ఎక్కే పలక మీద నా కాలు ఆగిపోయింది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ దీవి దాటలేదు, రేవుకే వెళ్ళలేదు.

ఈ పొద్దున అదే పలక దగ్గర మళ్ళీ ఆగిపోయాను. మా ఆవిడ లుత్సే, "ఏమయ్యా, ఇక్కడే కాపరం పెడతావా?" అంటూ ఫోను నా ముందు పెట్టింది. తెరలో నెవెంకా గారు లేకపోయినా మావాళ్ళు తరగతికి చేరిపోయి ఉన్నారు. "అన్నయ్యా, గీత చూడు, నన్ను చూడకు" అంది పెరీనా. వంటిళ్ళన్నీ చప్పట్లు మొదలుపెట్టాయి. వెనక లారీలో ఉన్నాయన తల బయటికి పెట్టి చూశాడు. హారన్ కొట్టలేదు. తలుపు మీద అరచేత్తో అదే తాళం వేశాడు. నేను దాటాను. క్షమించండి, ఈ వణుకు జబ్బుది కాదు.

పిలిచిన డాక్టర్ గారికి, వెంట వచ్చిన లుత్సేకి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నెవెంకా గారూ, మీరు లేవకండి. ఇన్నాళ్ళూ మా ఇళ్ళకి మీరే వచ్చారు. ఇప్పుడు మీ కుర్చీ దాకా నేను వస్తాను. లుత్సే, నా చెయ్యి వదులు.

సెలవు.