బ్రిడీ వెనక్కి పంపిన ఐదో పుస్తకం

"టోపీ ఏది?" అంది మా బ్రిడీ. టోపీ, నెవ్! అదీ దాని మొదటి ప్రశ్న. మొదటి పుస్తకం అట్ట మీద ఆడమనిషి ఆకాశంలో ఎగురుతోంది, ఒంటి చేత్తో రైలుని ఆపేస్తోంది. ఒంటి మీద చూస్తే ఈతకి వెళ్లే బట్టలు, మోకాళ్ల దాకా బూట్లు. నా కూతురు దాని మీద వేలు పెట్టి, "అమ్మా, ఈవిడ టోపీ ఏది? వీపంతా కాలిపోదూ?" అంది. ఏం చెప్పను చెప్పు! టోపీ లేకపోతే ఆట లేదని కంప్యూటరులో నడిచే బడిలో టీచరు రోజూ చెప్తుందాయె.

నవ్వకు. ఇదిగో ఈ కట్ట, లైబ్రరీలో డెల్మాకి ఇచ్చెయ్. చీటీ రాద్దామని కూర్చున్నా, రాయబుద్ధి కాలేదు. నువ్వే నోటితో చెప్పు. మూడొందల కిలోమీటర్లు అందరి తపాలా మోసేవాడివి, నా నాలుగు మాటలు మొయ్యలేవా?

కూర్చో, కూర్చో. వరదకి ఐదు రోజులు ఇక్కడ ఆగినవాడివి ఇంకో కప్పు టీకి ఆగలేవా? పన్నెండో మైలు దగ్గరి వాగు మోకాలి కిందికి దిగిందన్నావుగా. బండి దాటేస్తుంది. నువ్వు వెళ్లిపోతావు. నీకేం!

కాస్త మెల్లగా మాట్లాడుకుందాం. మా మామగారు వరండాలో కునుకు తీస్తున్నారు.

డెల్మాని నేనేమీ అనట్లేదు నెవ్. పాపం, ఆవిడేం చేస్తుంది? నేను రాసిందేంటి? "ఏడేళ్ల పిల్ల. సూపర్ హీరోల పిచ్చి. ఆడపిల్ల హీరోగా ఉన్నది పంపండి. బలమైన పిల్ల అయ్యుండాలి. ఏడేళ్లవాళ్లు చూడదగ్గది అయ్యుండాలి." అంతే కదా! చుక్కలు కోసుకురమ్మన్నానా?

రెండోది బొమ్మల సినిమా కథే, పుస్తకంగా వేశారు. ఐదుగురు హీరోలు, అందులో ఒక్కతే ఆడపిల్ల. ఒకడు నిప్పులు కక్కుతాడు, ఒకడు కొండలెత్తుతాడు, ఇంకోడు పిడుగులు పట్టుకుంటాడు. మరి ఆ పిల్లకి ఏం శక్తి ఇచ్చారో తెలుసా? కనపడకుండా పోవడం! అదీ ఒక శక్తేనా? పన్నెండేళ్లుగా ఈ వంటింట్లో నేను చేస్తున్నదేంటి మరి? నువ్వూ చూశావుగా ఈ ఐదు రోజులూ. కంచెల గురించి మాట్లాడతారు, గొర్రెల గురించి మాట్లాడతారు, మాంసం వడ్డిస్తూ నేనో మాటంటే మామగారూ మావారూ ఇద్దరూ ఉప్పు కోసం వెతుక్కుంటారు.

మూడోది... అబ్బ, దాని ఊసెత్తకు. అట్ట చూసి మోసపోయాను. చక్కగా కత్తి పట్టుకున్న అమ్మాయి. మూడో పేజీలో ఎవడి కన్నో పీకేసింది. బ్రిడీ మూడు రోజులు కోడిపెట్టల దగ్గరికి కూడా ఒంటరిగా వెళ్లలేదు. అది పెద్దవాళ్ల పుస్తకం అని వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. నా కళ్లజోడు ఎక్కడుందో ఎవరికి తెలుసు?

దాంతో డెల్మా బెదిరిపోయి నాలుగోది పంపింది చూడు! గులాబీ రంగు గుర్రప్పిల్ల. దాని మహత్తర శక్తి ఏంటంటే, కేకుని అందరికీ సమానంగా పంచడం. బ్రిడీ మొత్తం చదివి పక్కన పెట్టి, "అమ్మా, దీనికి ఇల్లు సర్దడం తప్ప ఇంకేం రాదా?" అంది. నాకు నవ్వాగలేదు. అప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పనా? ఇల్లు సర్దుతున్నాను.

ఏంటి, లెక్కపెడుతున్నావా? అవును, ఐదున్నాయి. నేను చెప్పింది నాలుగే.

నీ కళ్లకో దండం! ఆ ఆకుపచ్చ అట్టదేగా? నువ్వు మంగళవారం తెచ్చిందే. పోనీ, వదిలెయ్. బిస్కట్ తీసుకో. ఓట్స్‌తో నిన్ననే చేశాను.

బాగోలేక కాదు నెవ్. బాగుంది. అదే బాధ. ఎనిమిది నెలలకి దొరికింది ఒక్కటి! ఎనిమిదేళ్ల పిల్ల, రెండు జడలు, బూట్ల నిండా బురద, నెత్తి మీద టోపీ. అవును, టోపీ! రెండు చేతులూ చాపితే వరద వెనక్కి పోతుంది. ఎవడో వచ్చి రక్షించడు. ఎవరి కన్నూ పీకదు. చివర్లో పెద్దవాళ్లంతా కూర్చుని, ఈ లోయ ఇక నీది, నువ్వే చూసుకో అంటారు. నేను కూడా చదివాను, బంగాళాదుంపలు చెక్కుతూ. చివరి పేజీలో నా కళ్లెందుకు చెమర్చాయో నాకే తెలీదు.

నీ దగ్గరికీ వచ్చి చదివిందిగా, నువ్వు దిగిన ఆ ఊలు కత్తిరించేవాళ్ల గదుల దగ్గర? నాకు తెలుసులే. రెండుసార్లు చదివిందా? అమ్మో, నువ్వు ఓపికమంతుడివి.

ఊలు మూటల గోనె ఒకటి కత్తిరించి, మెడకి తాడుతో కట్టుకుని, నెత్తి మీద టోపీ పెట్టుకుని, బురదలో ఒకటే తిరుగుడు. వాగు ఒడ్డున నిలబడి చేతులు చాపేది. నీళ్లు తగ్గుతుంటే తన వల్లే అనుకుంది. "చూడమ్మా, నేను పాతిన పుల్ల దిగువకి వెళ్లాయి నీళ్లు!" అని రోజూ లెక్క చెప్పేది. బుధవారం బురదలో కూరుకుపోయిన గొర్రెపిల్లని లాగింది ఎవరు? మావారు గ్రాంట్ కాదు, నువ్వు కాదు. దాని బరువులో సగం ఉంది ఆ గొర్రెపిల్ల! ఈ నేలలో ఏ బోరు ఎక్కడుందో, ఏ కంచె ఎక్కడ తెగిందో మావారికంటే ముందు దానికి తెలుస్తుంది.

దాని తమ్ముడు ఫెర్గస్‌కి గొర్రె అరిస్తేనే హడలు. నా కాలు చుట్టేసుకుంటాడు. వాడి తప్పేం లేదులే. నాలుగేళ్లవాడు.

పొద్దున నువ్వు వాగు చూడ్డానికి వెళ్లావు కదా, అప్పుడు జరిగింది.

బల్ల దగ్గర అందరం ఉన్నాం. బ్రిడీ లేచి నిలబడి వాళ్ల తాతకి చివరి పేజీ గట్టిగా చదివి వినిపించింది. మా మామగారు మెర్విన్ సంగతి నీకు తెలియందేముంది. చెడ్డమనిషి కాదు నెవ్, చెడ్డమనిషైతే ఈ బాధ ఉండేదే కాదు. చేతులు కొట్టి, "భలే భలే!" అన్నాడు. "ఇంతకీ ఆ పిల్లకి తమ్ముడు లేడా?" అన్నాడు.

"లేడు తాతా."

"అదీ సంగతి! ఉంటే వాడు చూసుకునేవాడు."

మామూలుగా అన్నాడు. ఎగతాళి కూడా కాదు. రేపు ఎండ కాస్తుంది అన్నట్టు అన్నాడు. ఇది పుస్తకం మూసి, "మరి మన నేల ఎవరు చూసుకుంటారు తాతా?" అంది. "ఇంకెవరు, ఫెర్గస్! నువ్వు పెద్ద బడికెళ్లి చదువుకుంటావు, మంచి చోటికి వెళ్తావు, నీకెందుకే ఈ దుమ్ము?" అన్నాడు.

గ్రాంట్ ఏం చేస్తున్నాడో చెప్పనా? కాల్చిన రొట్టెకి వెన్న రాస్తున్నాడు. అంచుల దాకా రాశాడు. మళ్లీ రాశాడు. అంత శ్రద్ధగా వెన్న రాయడం పన్నెండేళ్లలో నేను చూడలేదు.

అది నా వైపు తిరిగింది. తాత వైపు కాదు, నాన్న వైపు కాదు. "అమ్మా, నిజమేనా?" అంది.

నేనేమన్నానో తెలుసా? "రొట్టె చల్లారిపోతోంది, తిను" అన్నాను.

తింది నెవ్. అంతా తింది. తన పళ్లెం తీసుకెళ్లి తొట్టిలో పెట్టింది. తర్వాత వచ్చి, నేను కట్టి ఉంచిన నాలుగు పుస్తకాల మీద ఆ ఆకుపచ్చది పెట్టి, "ఇది కూడా పంపెయ్ అమ్మా. ఇది చిన్నపిల్లలది" అంది.

ఏడేళ్లు దానికి! ఏడేళ్లవాళ్లకి తగినది కావాలని ఎనిమిది నెలలు వెతికాను. దొరికిన ఐదో రోజుకే అది ఆ వయసు దాటిపోయింది.

ఏడవట్లేదు. ఉల్లిపాయలు తరిగాను ఇందాక.

నాక్కూడా ఇలాగే చెప్పారు. మా నాన్న ఓ రోజు బండి బానెట్ మీద కాగితం పరిచి, "డేల్‌కి నేల, నీకు చదువు. నీకేం లోటు చేశానమ్మా?" అన్నాడు. కంచెలు వేసింది నేను. గొర్రెలు ఈనుతుంటే పక్కన పడుకుంది నేను. మా డేల్ అన్నయ్య అప్పుడు పట్నంలో గిటార్ వాయించుకుంటున్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కోళ్లకి మేత వెయ్యాలని లేచి వెళ్లిపోయింది. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను నెవ్, నాకు కూతురు పుడితే నేను మాత్రం అలా లేచి వెళ్లిపోనని.

నిజమే, లేచి వెళ్లలేదు. కూర్చునే ఉన్నాను.

ఇంకా ఉంది. నువ్వు మంగళవారం తెచ్చిన సంచిలో పుస్తకం ఒక్కటే కాదు, లాయరు దగ్గర్నుంచి పెద్ద కవరు కూడా ఉంది. రెండూ ఒకే సంచిలో తెచ్చావు! పెద్దాయన ఈ గొర్రెల స్టేషన్, నేలతో సహా మొత్తం, గ్రాంట్ పేరున పెడతానంటాడు. కానీ ఒక షరతు. గ్రాంట్ తర్వాత మొత్తం ఫెర్గస్‌కే పోవాలి. ముక్కలు చెయ్యకూడదు. ముక్కలు చేస్తే ఎవరికీ బతుకుతెరువు ఉండదంటాడు. ఈ ఎండల్లో, ఈ వానల్లో, అది అబద్ధమని నేనెలా అనగలను? కానీ ముక్కలు చెయ్యకుండా బ్రిడీకి ఇవ్వొచ్చుగా అని ఒక్కడూ అనడు.

ఆ కాగితం మీద నా సంతకం కూడా కావాలి నెవ్. పెళ్లయిన ఏడాది, పన్ను తగ్గుతుందని నా పేరు కూడా భాగస్వాముల్లో రాశారు. నేను పెట్టకపోతే ఆ కాగితం నడవదు. పెద్దాయన అరిచి గీపెట్టినా నడవదు. తెలిసిందా? ఈ ఇంట్లో నాకున్న బలం అదొక్కటే. కనపడకుండా పోవడం కాకుండా.

ఒక్కరోజు ఆగమన్నాను. బుధవారమంతా ఆలోచించాను. చుట్టూ నీళ్లు. ఎటు నడిచినా నీళ్ల దగ్గర ఆగడమే. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి. ఒక గదిలో మామగారు పేపరు చదువుతుంటారు, ఇంకో గదిలో గ్రాంట్ గోడకేసి చూస్తుంటాడు. ఇరవై ఏళ్లు చాకిరీ చేశాడు నెవ్, అడుగు నేల కూడా తన పేరున లేకుండా. గురువారం వచ్చి, "పెట్టెయ్ లియాన్, నేను అలిసిపోయాను" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

పెట్టేశాను. తడిచేతులు తుడుచుకుని, లాయరు పసుపు చీటీ అంటించిన చోట పెట్టేశాను. పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి. కిటికీలోంచి చూస్తే అది గోనె కట్టుకుని వరదని ఆపుతోంది.

అదిగో, నీ కాళ్ల దగ్గర ఉన్న సంచిలోనే ఉంది ఆ కవరు. పెద్దాయన తన చేత్తో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఆయన బెల్టుకి ఉంటుంది, పడుకున్నా ఉంటుంది. రెండోది పట్నంలో పోస్టాఫీసులో. నీ దగ్గర ఏదీ లేదు, తెలుసు. ఉన్నా తియ్యవు, అదీ తెలుసు.

మొన్న భోజనాల దగ్గర చెప్పావు చూడు, ఏదో పాత వరదలో నీ బండిలోంచి ఒక సంచి కొట్టుకుపోయిందని. ఎవరూ నిన్ను ఒక్క మాట అనలేదని. వాగు మధ్యలో ఇంకా కాస్త వడి ఉందన్నావుగా ఇందాక?

అలా చూడకు. నేనేం అడగలేదు. నువ్వేం వినలేదు. తాగు, టీ చల్లారిపోయింది. వేడిది పొయ్యనా?

కొట్టుకుపోయినా ఏమవుతుంది చెప్పు? లాయరు ఇంకోటి పంపిస్తాడు. అదీ నువ్వే తెస్తావు. గ్రాంట్ మళ్లీ అలిసిపోయానంటాడు. నేను మళ్లీ చేతులు తుడుచుకుంటాను. ఇన్ని రోజులూ తప్పంతా వాగు మీద నెట్టాను, ఆ తాళంచెవి మీద నెట్టాను. వాగు దిగింది కదా, ఇప్పుడేమైంది? ఏమీ లేదు. మళ్లీ పెట్టేస్తాను నెవ్. నాకు నా సంగతి తెలుసు.

సరే, లే. పొద్దెక్కుతోంది. డెల్మాతో ఏం చెప్పాలా? ఆకుపచ్చది చాలా మంచి పుస్తకమని చెప్పు. తప్పు పుస్తకంలో లేదని చెప్పు. ఇంకేమీ పంపొద్దను.

అదుగో, గేటు దగ్గర నిలబడింది నీ కోసం. టోపీ పెట్టుకుంది, బుద్ధిమంతురాలు. గోనె మాత్రం తీసేసింది. నువ్వు దిగక్కర్లేదు, అదే తీస్తుంది. నీ బండి దాటాక గొలుసు కూడా అదే తగిలిస్తుంది. ఈ ఇంట్లో అందరికంటే గట్టిగా గేటు వేసేది అదే.