పిలిస్తే పలికే అమ్మ

ఏమే కోడలా, రేపు బడికెళ్ళేది పిల్లా, నువ్వా? అదేమో కొత్త బ్యాగు తగిలించుకుని ఇల్లంతా ఊరేగుతుంటే నువ్విక్కడ ముక్కు చీదుతూ కూర్చున్నావు. ఏడవొద్దనను, ఏడువు, తల్లివి కదా. మా ఇస్త్రీ వదిన సంగతి నీకెప్పుడైనా చెప్పానా? చెప్పలేదూ? నువ్వు కాపురానికి రాకముందే పోయిందిలే మహాతల్లి. వరసకి వదినేం కాదు, ఎదురింట్లో ఉండేది, అంతే. ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసేది, మొగుడు ఇంటింటికీ తిరిగి మూటలు తెచ్చేవాడు. ఇద్దరికీ పుట్టుచెవుడు, మాట రాదు. కానీ ఆ ఇంట్లో ఉన్నన్ని కబుర్లు మా ఇంట్లో లేవంటే నమ్ము! పోట్లాటలు కూడా చేతులతోనే. మీ మామయ్య అనేవారు, "చూశావా, ఎంత పోట్లాడుకున్నా వీధిలో ఎవరికీ వినపడదు, నేర్చుకో" అని. ఆయన నోరేమన్నా నాకంటే తక్కువా ఏం? సరే, ఎక్కడున్నాను... ఆ, వాళ్ళకో కూతురు. దానికి చక్కగా వినపడేది. మా ఇంటికొస్తే వసపిట్టే.

పిల్లకి ఐదో ఏడు రాగానే బడిలో వేయాల్సిందేనని వదిన పట్టుపట్టింది. తనని చిన్నప్పుడు బడి గుమ్మం తొక్కనివ్వలేదట, వినపడని దానికి చదువెందుకని. ఆ కసి ఊరికే పోతుందా? జోళ్ళు తొడుక్కోవడం, గిన్నె మూత తీసుకోవడం, ఒంటేలుకెళ్ళొచ్చి గౌను సర్దుకోవడం, అన్నీ నేర్పింది. ఇంకో ముఖ్యమైనది, ఏదైనా కావాలంటే బిక్కమొహం వేసుకుని కూర్చోకూడదు, పంతులమ్మని పిలవాలి. అదీ నేర్పింది. మరి పిలవడం అంటే ఆవిడకి తెలిసిందేమిటి? వాళ్ళది మేడ మీద చెక్కల నేల. కాలితో దబదబా కొడితే అదురు పాదాలకి తెలిసి అవతలి మనిషి తిరుగుతారు. తిరక్కపోతే గడ్డం పట్టుకుని మొహం తిప్పుకోవాలి. ఆ ఇంట్లో అది మర్యాద. ఇక బళ్ళో చూడు, మొదటిరోజే పంతులమ్మ బోర్డు మీద రాస్తుంటే ఇది వెనక చేరి దబదబా! ఆవిడ "ఏమిటే ఆ పొగరు!" అని కసిరి మళ్ళీ రాసుకుంటోంది. ఇదేమో తిన్నగా వెళ్ళి ఆవిడ గడ్డం పట్టుకుని తిప్పేసింది! నవ్వకే. నేనూ నవ్వాననుకో. సాయంత్రం నేనూ వదినా వెళ్తే పంతులమ్మ నాతో, "వాళ్ళ సంగతి నాకు తెలుసమ్మా, జాలిగానే ఉంది. కానీ దీన్ని చూసి గదినిండా పిల్లలు నేల తన్నడం మొదలెట్టారు. ముందు పద్ధతి నేర్పండి. లేదంటే వచ్చే ఏడు చూద్దాం" అంది. ఆవిడనీ అనడానికి లేదు. వదిన నా మొహమే చూస్తోంది. చేతులతో ఎలాగో చెప్పాను. తన పెంపకం వల్లే పిల్ల చదువు పోతోందని అర్థమయ్యేసరికి అక్కడే చతికిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మా కిటికీ దగ్గర కూలేసింది. దానికి ఎదురుగానే ఆవిడ ఇస్త్రీ బల్ల. ఆవిడ ఎత్తేమిటంటే, పిల్ల వెనకనుంచి కాలితో కొడితే ఇక తిరగదు. పాదాలకి తెలుస్తున్నా సరే, కాలరు రుద్దుకుంటూనే ఉంటుంది. పిల్ల నోటితో "అమ్మా" అంటే నేను ఇటునుంచి తల ఊపాలి. అప్పుడు ఠక్కున తిరిగి ఎత్తుకుని ముద్దులు. ఓయమ్మో, ఆ మొదటిరోజు! పిల్ల కొట్టీ కొట్టీ, వెక్కి వెక్కి ఏడ్చింది. దానికి కనపడేది తల్లి వీపు, మొహం నాకు కదా! ఆ మొహం చూళ్ళేక, "తిరగవే తల్లీ, చదువు మండిపోను" అని నేనే అరిచాను. ఎవరికి వినపడాలి! చివరికి ఏడుపులోనే "అమ్మా" అంది. ఊపాను. తిరిగింది. ఇక పొద్దస్తమానం అమ్మా, అమ్మా! నాకు మెడ పట్టేసింది. బళ్ళో కాలు కొట్టడం మానేసింది, పంతులమ్మ ఉండనిచ్చింది. అందరి దగ్గరా గొప్పలు కూడానూ, "మా అమ్మకి ఎవరి మాటా వినపడదు, నేను పిలిస్తే మాత్రం వినపడుతుంది" అని. నమ్మనీలే, మనకేం పోయిందనుకున్నాం.

ఒకరోజు నేను పొయ్యి దగ్గరున్నాను. బడి వదిలినట్టున్నారు, ఎదురింట్లోంచి "అమ్మా, అమ్మా" అని ఒకటే కేకలు. పరుగెత్తుకొచ్చి చూద్దును కదా, పిల్ల అరిచీ అరిచీ నోరు మూసేసింది, తల్లి తన మానాన తను రుద్దుకుంటోంది. పాడు అలవాటు, నా తల ఊగనే ఊగింది! పిలుపేమీ లేకుండానే వదిన నవ్వుతూ వెనక్కి తిరిగింది. పిల్ల నావైపు చూసింది, తల్లివైపు చూసింది. ఏం గొడవ చేస్తుందో, బడి మానేస్తుందేమోనని హడలిపోయాను. అదేమో పోయి తల్లిని వాటేసుకుంది. ఆ మర్నాటి నుంచీ ఏం చేసేదో తెలుసా? బడి నుంచి రాగానే గుమ్మంలో ఆగి ముందు నా కిటికీ వైపు చూసేది. నేను లేకపోతే బ్యాగు మోసుకుని అక్కడే నిలబడేది. నేనొచ్చి కూర్చున్నాకే "అమ్మా" అనేది. ఆ పిల్లకి తెలిసిపోయిందని వదినకి పోయేదాకా తెలియదు.

పాలపళ్ళైనా ఊడలేదే దానికి అప్పటికి...

ఏమిటలా చూస్తావు? అదుగో, నీ కూతురు పిలుస్తోంది. వెళ్ళు.