కారం కంపెనీ కుర్చీ

గుంటూరు బ్రాడీపేటలో పేరమ్మ ఇల్లు. వాళ్ళ కారం కంపెనీకి ఎండీని ఎన్నుకునే మీటింగు రేపు. సగం వాటా పేరమ్మది. ఇప్పుడు ఎండీ కూతురు దీప్తి. అంతకుముందు ఎండీగా చేసిన కొడుకు వీరబాబు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

“చెల్లెల్ని నేనేం అనట్లేదమ్మా. కానీ అది కారం కంపెనీ. పేరంటం కాదు.”

“పేరంటంలో పంచింది ఎవరూ వెనక్కి పంపరు లేరా.”

“మళ్ళీ ఆ కంటైనరు గొడవేనా!”

“బూజు పట్టిన కారం దుబాయి దాకా పోయి తిరిగొచ్చింది. గొడవ కాక పండగా?”

“కాయ మీద నీళ్ళు కొట్టి తూకం పెంచేది రైతులు. మిర్చి యార్డులో అందరూ కొన్నారు, నేనూ కొన్నాను. ఆ ఏడు వానలు కూడానూ...”

“దీప్తి తడికాయ కొనట్లేదుగా.”

“దానికి టైము కలిసొచ్చిందమ్మా! మిర్చి రేటు లేచింది, లాభమొచ్చింది. అంతే.”

“రేటు లేస్తే కొనేవాళ్ళం మనమే కదరా. లాభమెలా వచ్చింది?”

“అదీ... ముందే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టింది.”

“ముందే కొనమని రేటొచ్చి చెవిలో చెప్పిందా?”

“లక్కమ్మా, లక్కు! ఆడవాళ్ళు పైనుంటే కంపెనీలకి లాభాలట, ఎవడో లెక్కగట్టాడట. పేపర్లోది చింపి ఆఫీసు గోడకి అంటించారు. నవ్వొచ్చింది నాకు.”

“నవ్వావా?”

“నవ్వక!”

“నష్టాలొచ్చినప్పుడు దాన్ని ఎండీ కుర్చీలో కూర్చోబెట్టమన్నది నువ్వేగా.”

“అప్పుడంటే... ఎవరూ ముందుకు రాలేదు.”

“బ్యాంకువాళ్ళు ఇంటికొస్తుంటే నువ్వెళ్ళి పొదిలిలో మావయ్య ఇంట్లో దాక్కున్నావు.”

“దాక్కోలేదు. ఒంట్లో బాగోక...”

“ఊఁ. లాభాలొచ్చాక ఒళ్ళు కుదుటపడిందన్నమాట.”

“ఎగతాళి చెయ్యకమ్మా. రేపు నువ్వు నా వైపు చెయ్యెత్తితే కుర్చీ నాది. ఎత్తుతావా, ఎత్తవా?”

“ఒకటి చెప్పు. ఈ లాభాలు దాని గొప్ప కాదంటావు.”

“కాదు. రేటుది.”

“ఆ నష్టాలు నీ తప్పు కాదంటావు.”

“కాదే! వానలది.”

“అయితే ఆ కుర్చీలో ఎవరున్నా ఒకటే.”

“అదేగా ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా! ఎవరున్నా ఒకటే!”

“మరి మార్చడం దేనికిరా? రేపు మీటింగులో ఈ ముక్కే చెప్పి, దీప్తి పేరు నువ్వే చదువు. చెయ్యి నేనెత్తుతా.”