ఐలాండ్ అని నేర్పిన పిల్ల

"అమ్మమ్మా, మొదటి రోజు టెన్తోళ్ల ముందట నిలబడ్డప్పుడు భయం కాలేదా?" అని అడుగుతున్నవా? కాలేదంటే అబద్ధమైతది బిడ్డా. నీకేమో సోమారం నుంచి బడిల టీచరు డ్యూటీ, చెప్పేది గూడ ఇంగ్లీషే. కూసో, చెప్త. గా ఫ్యాను జర పెంచు. ఈ బొగ్గుబాయిల ఊరి ఎండకు నోట్ల తడి గూడ ఉంటలేదు.

నేను సదివింది తెలుగు మీడియం, నీకెరికే గదా. డిగ్రీ దాక తెలుగులనే. మీ తాతది బొగ్గుబాయిల పని. పెండ్లైనంక కాలనీ క్వార్టర్ల ఊకె కూసోబుద్ధి గాక రోడ్డు మీది ప్రైవేటు బడిల చేరిన, చిన్నపిల్లలకు తెలుగు చెప్పుమన్నరు. అప్పటికి మీ అమ్మ ఒకటో తరగతి... కాదు కాదు, మీ మామ ఒకటో తరగతి, మీ అమ్మ ఇంక సంకలనే ఉండె. మా అత్త, అంటే మీ తాత వాళ్లమ్మ, ఆమె చూసుకునేది. పాపం ఆమె లేకుంటే నేను గడప దాటేదాన్నే గాదు.

టెన్తోళ్లకు ఇంగ్లీషు ఒక కేరళ మేడం చెప్పేది. దసరా సెలవులైనంక ఆమె భర్తకు బదిలీ అయ్యి వెళ్లిపోయింది. నడుమ సంవత్సరం ఎవరు దొరుకుతరు? బడి నడిపే కరస్పాండెంటు సారు నన్ను పిలిచి, "సరోజన మేడం, పరీక్షల దాక మీరే చెప్పాలె" అన్నడు. నాతోని గాదన్న. ఎవ్వరన్న ఉంటే మిమ్ములనెందుకు అడుగుత అన్నడు. గంతే, ఒప్పుకున్న.

మొదటి పాఠం, పడవ మునిగి ఒకడు దీవిల ఒంటరిగ చిక్కుకుంటడు గదా, అసొంటి కథ. నేను గట్టిగ సదువుకుంట పోతున్న. దీవిని ఇంగ్లీషుల రాసినట్టే సదివిన, ఇస్లాండ్ అని. ఇగ పాఠం నిండా గదే మాట. నాలుగో సారో ఐదో సారో, ముందట బెంచీల నుంచి ఒక పిల్ల లేసింది. ప్రశాంతి దాని పేరు. బాయిల పెద్ద ఇంజినీరు బిడ్డ.

"మేడం, అది ఐలాండ్. అందులో ఎస్ పలకదు."

పిల్ల మర్యాదగనే చెప్పింది, తప్పు పట్టద్దు. కాని క్లాసంత నవ్వింది. నాకు చెవులు కాలినట్టయింది. పుస్తకం మూసి, గ్రామర్ రాసుకోండ్రి అని గంట కొట్టేదాక కిటికీల నుంచి బయటికే చూసిన.

ఇంటికొచ్చేసరికి మీ తాత ఫస్టు షిఫ్టు దిగి చాయ తాగుతున్నడు. రేపటి సంది నేను పోనని చెప్పిన. ఆయన ఎక్కువ మాట్లాడెటోడు గాదు, చూసినవు గదా. గ్లాసు కింద పెట్టి ఏమన్నడంటే, "బాయిల కొత్తోడు తెల్వకున్నా తెల్సినట్టు ఉంటే, వానికే గాదు, పక్కోని పానానికి గూడ ముప్పే. తెల్వదని అడిగినోన్ని మేం ఎన్నడు నవ్వం. పోయి చెప్పు పిల్లలకు, నాకు గింతే వస్తదని."

తెల్లారి చెప్పిన బిడ్డా. నిలబడి, నేను తెలుగు మీడియం, కొన్ని మాటలు నాకు పలకరాదు, తెల్సినోళ్లు చెప్పుండ్రి, కలిసి నేర్చుకుందాం అన్న. ఒక్కరు నవ్వలే. ఇంటర్వెల్ల ప్రశాంతి నా దగ్గరికొచ్చింది. వాళ్లది కోస్తా దిక్కు ఊరు, కాని నాయిన ఉద్యోగంతోని చిన్నప్పటి సంది హిందీ రాష్ట్రాలల్ల పెరిగింది. తెలుగు మాట్లాడ్తది, రాయరాదు. టెన్తుల తెలుగు పేపరు ఎట్లనో అని దాని భయం. "మీకు నేను పాఠం చదివి వినిపిస్తాను, నాకు మీరు తెలుగు రాయడం నేర్పిస్తారా?" అన్నది.

ఇగ రోజు ప్రార్థన కంటే అరగంట ముందు, వరండల ఇద్దరం. అది ఇంగ్లీషు సదివేది, నేను దాని ఎన్క పలికేది. తర్వాత నేను ఒత్తులు దిద్దిచ్చేది. వారం తిరిగేసరికి ఇంకో పదిమంది వచ్చి కూసున్నరు. అందరు బాయి కార్మికుల పిల్లలే. క్లాసుల నోరు తెరువనోళ్లు గూడ అక్కడ సదువుడు మొదలువెట్టిండ్రు. మేడమే తప్పు పలుకుతుంటే మనకేం సిగ్గు అనుకున్నట్టున్నరు.

గా సంగతి రెండు నెలలకు ప్రశాంతి నాయినకు తెల్సింది. బడికి వచ్చిండు. ఆఫీసు రూముల కరస్పాండెంటు సారు ముందట, మా అమ్మాయి టీచరుకు పాఠం చెప్పాలా, దీనికేనా బడికి పంపేది అని అడిగిండు. ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది? నేను తల వంచుకొని నిలబడ్డ. నౌకరీ పోయిందనే అనుకున్న. సారు ప్రశాంతిని పిలిపిచ్చిండు.

పిల్ల వాళ్ల నాయినను చూసి, "నానమ్మకు పోయిన నెల ఉత్తరం రాసింది నేనే నాన్నా. మేడం నేర్పారు" అన్నది.

నేను ఉత్తరం రాసుడు నేర్పిన మాట నిజమే. మీ నానమ్మకే రాయి అని దానికి చెప్పిన. అది రాసి డబ్బల వేసిందని నాకు తెల్వదు. ఊర్లున్న ముసలామె సంబురపడి కొడుక్కు జాబు రాసిందంట, మనుమరాలు రాసింది అని. ఈయనేమో పెండ్లామే రాసి బిడ్డ పేరు పెట్టిందనుకున్నడంట. ఆయన కుర్సీల నుంచి లేసి, నా దిక్కు తిరిగి అన్నడు, "టీచర్ గారూ, రేపటి నుంచి ఇంకో అరగంట ముందే పంపిస్తాను. మీకు ఇబ్బంది లేకపోతే."

ఆ ఏడు ఇంగ్లీషుల ఒక్కరు తప్పలే. ప్రశాంతి తెలుగుల మంచిగ పాసైంది. కరస్పాండెంటు సారు మల్ల ఇంకో మేడంను వెతుకనే లేదు. నేను రిటైరయ్యేదాక టెన్తోళ్లకు నేనే.

ఆ ఎండకాలమే వాళ్లకు బదిలీ అయింది. రామగుండం స్టేషన్ల సాగనంప పోయిన. రైలు కదిలేదాక నా చెయ్యి విడువలే పిల్ల. ఏదో చెప్పాలనుకున్న, తెలుగుల రాలే, ఇంగ్లీషుల రాలే. ఇప్పుడేడ ఉన్నదో... దానికి గూడ నెత్తి నెరిసే ఉంటది. ఏడున్నా సల్లగుండాలె. నేను తిన్న అన్నంల దాని మాట గూడ ఉన్నది.

నువ్వు సోమారం పొద్దుగాల తినే పో బిడ్డా, ఖాళీ కడుపుతోని పోకు. నీ తప్పు నీకు మర్యాదగ చెప్పే పిల్ల ఒక్కతన్న నీ క్లాసుల దొరకాలె. దొరికితే విడువకు. పైలంగ ఉండు, నా తల్లీ, నీ పిల్లలు నిన్ను మంచిగ చూసుకోవాలె.