వదినా అన్నాడు

గాజువాక రోడ్డు మీద ట్రైలరు లారీ గుద్దిన మూడో రోజు, 2002. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి, ఎముకల వార్డు. మంచం మీద సూరాడ ఎల్లారావు. నీళ్ళ సీసాతో అప్పుడే తిరిగొచ్చిన అతని భార్య పోతమ్మ.

"వేలు సూపించు."

"ఏ వేలు?"

"దుప్పట్లో దాస్తన్నావే, ఆ ఎడం బొటనేలు. సూపించు మావా."

"ఏటీ లేదే అక్కడ. కాలు సూడ్డం మానీసి వేలు సూస్తానంటదేటి ఇది!"

"నీలంగా ఉన్నాది."

"కొంచెవేఁ కదా."

"కొంచెవాఁ? ఎవులికేసేవు వేలిముద్దర? నాను సీసాడు నీళ్ళు పట్టుకొచ్చీసరికి ఎవులికేసేవు?"

"ఎయ్యలేదే తల్లీ. ఎయ్యబోనాను. ఆ ఇంకు డబ్బా ఎండిపోనాది. ఉమ్మి తడిపి ఒత్తినా కాయితం మీద పడ్లేదు. కొత్తది తెస్తానని కిందకెళ్ళేడు. వొచ్చీస్తాడిప్పుడే."

"ఎవులు?"

"లీగలాయన. నిన్న కూడా వొచ్చేడు కదా, తెల్లసొక్కా, సేతిలో సెల్ ఫోను. తిరుమలరావు గారు. ఆపిలుపళ్ళు కూడా తెచ్చేడు."

"ఆపిలుపళ్ళు తెస్తే వేలిచ్చీడమేనా?"

"అరవకే. పక్క మంచపోళ్ళు సూస్తన్నారు. ఆయన్ని గవర్నమెంటే పంపిందంట. యాక్సిడెంటోళ్ళకి ఉచితంగా ప్లీడర్ని పెట్టిస్తాడంట. మనవేఁటీ ఇవ్వక్కర్లేదు."

"గవర్నమెంటు పళ్ళు కొని పంపుతాదా, మనకి? తుఫానుకి వలలు కొట్టుకుపోతే బియ్యం కోసం ఎండలో నిలబెట్టీసింది సూడు, ఆ గవర్నమెంటేనా?"

"నీకన్నీ ఎటకారాలే. కార్డు కూడా ఇచ్చేడు. దిండు కిందుంది సూసుకో."

"సూసేను. సిస్టరమ్మ సేత సదివించేను కూడా. దాన్లో ఆఫీసెక్కడో లేదు, ఏ కోర్టో లేదు, ప్లీడరు పేరు లేదు. ఉచిత సలహా అని ఒక ముక్క, కింద ఫోను నంబరు. అంతే."

"సిస్టరమ్మకేటి తెలుసు? ఆవిడ సూదులేసుకుంటాది."

"సరే, ఆ కాయితాల మీద ఏటి రాసుంది?"

"ఏటీ రాయలేదు."

"ఏటీ రాయలేదా?"

"తెల్ల కాయితాలే. మేటరు తరవాత ఆఫీసులో టైపు సేయిస్తాడంట. అందరూ అలగే ఏస్తారంట."

"ఓలమ్మో! తెల్ల కాయితం మీద ఏస్తావా? ఆడు నీ ఇల్లు రాసుకున్నా నీ వేలే, నన్ను రాసుకున్నా నీ వేలే."

"నిన్నెవుడు రాసుకుంటాడే!"

"నవ్వకు మావా. ఆ మూల మంచం తవిటయ్యని సూడు. ఆళ్ళావిడ రామలక్ష్మమ్మ పొద్దున్న కుళాయి కాడ సెప్పి ఒకటే ఏడుపు. మొదటిసారి ఆపరేషనుకొచ్చినప్పుడు ఆడూ ఇలగే ఏసేడంట. తరవాత ఇంకో ప్లీడరు కాడికెళ్తే, నీ కేసు రాజీ అయిపోనాది కదమ్మా అన్నాడంట. ఎవులు రాజీ పడ్డారో ఈళ్ళకే తెలీదు. ఆడి నడుం ఇంకా లెగలేదు. కేసు మాత్రం తీరిపోనాది."

"ఆడెవుడో వేరే మనిషయ్యుంటాడు."

"వేరే మనిషే అయ్యుంటాడు. పళ్ళు మాత్రం ఆడూ తెచ్చేడంట."

"వారం లోపల కేసెయ్యకపోతే ఇంక డబ్బు పుట్టదంట పోతమ్మా."

"ఎవులన్నారు?"

"ఆయనే."

"ఆడంటాడు, ఆడికి తొందర కాబట్టి. సిస్టరమ్మ ఏటందో ఇను. ఉచితంగా ప్లీడర్ని పెట్టే ఆఫీసు నిజంగానే ఉందంట, కోర్టు ఆవరణలోనే. మనవేఁ ఎళ్ళి అడగాలంట. ఆళ్ళు మంచాల కాడ తిరగరంట. వారవేఁటి, గడువేఁటి, అలాటిదేటీ లేదంట. ముందు పోలీసు కాయితం తెచ్చుకోమంది, నువ్వు లెగిసేక ఎళ్ళమంది."

"నాను లెగిసేకా?"

"అంటే..."

"ఏ కాలి మీద లెగుస్తానే? డాక్టరు మాట నువ్వూ ఇన్నావు కదా. ఉంచుతాడో, మోకాలి కిందకి తీసీస్తాడో రేపు సెప్తానన్నాడు. తెప్ప మీద నిలబడాలంటే రెండు కాళ్ళూ ఉండాల. ఒంటికాలితో అల దాటుతానా? రేపట్నించి నువ్వు సీతమ్మధారలో గంపెత్తుకుని ఈధులన్నీ తిరిగితే, నాను అరుగు మీద కూకుని నీ సంపాదన తింటానా? నాకు సిగ్గేస్తంది పోతమ్మా. ఆ కేసొక్కటే మిగిలింది నాకు. అది కూడా వొద్దంటే ఎలగే?"

"కేసొద్దన్లేదు. కేసు మన సేతిలో ఉండాలన్నాను. కళ్ళు తుడుసుకో. నాను గంపెత్తితే నీకు సిగ్గేటి? పెళ్ళైన కాడ్నించి ఎత్తుతన్నాను, అప్పుడు లేదు సిగ్గు."

"అప్పుడు నాను సేపలు తెచ్చేవోడిని."

"ఇప్పుడు నాను బజారులో కొంటాను. అంతే కదా. ఆడొస్తే పొమ్మను."

"పొమ్మంటానికి ఆయన పరాయోడు కాదే. మనోడు. అందుకే నమ్మేను."

"మనోడేటి?"

"మైలపల్లోడంట. మీ పుట్టింటోళ్ళ ఇంటిపేరే. మనం మనం మైలపల్లోళ్ళం, మనలో మనకి మోసాలేటన్నా అన్నాడు. ఆ మాటతో నాకు సగం కాలొచ్చీసినట్టయ్యింది."

"ఏటన్నాడు, మళ్ళీ సెప్పు?"

"మనలో మనకి మోసాలేటన్నా అన్నాడు."

"నిన్ను అన్నా అన్నాడా?"

"అన్నాడు. ఎంత మర్యాదనుకున్నావు."

"నన్నేటన్నాడో గేపకముందా?"

"వదినా అన్నాడు. నిన్నొచ్చినప్పుడు, వదినా, నువ్వు నీళ్ళకెళ్ళు, అన్న కాడ నానుంటాను అన్నాడు. నువ్వే ఎళ్ళేవు కదా."

"ఎళ్ళేను. పరాయోడు మర్యాదకన్నాడనుకున్నాను. ఇప్పుడు ఆ మాట సెవిలో ముల్లులాగ గుచ్చతంది. మావా, నాను మైలపల్లోళ్ళ ఆడపడుచుని. ఆడు నిజంగా మా ఇంటిపేరోడైతే నాకు తమ్ముడో అన్నో అవ్వాల. అప్పా అని పిలవాల, లేదా పేరెట్టి పిలవాల. వదినంటాడేటి? నువ్వేమో ఆడికి బావవవ్వాల. అన్నెలగయ్యేవు?"

"అవును సుమీ."

"అవును సుమీ అంట! ఇంతసేపూ ఆ బుర్ర ఏటైపోనాది?"

"ఇంజక్షను మత్తే. మైలపల్లనీసరికి నాకు మీ అయ్యే వొచ్చినట్టనిపించింది. తట్టలేదు."

"ఆడు నిన్నే మైలపల్లోడివనుకున్నాడు. నాను నీ పెళ్ళాన్ని కాబట్టి వదినయ్యేను. మా ఇంటిపేరు కాదు ఆడిది. నీకు అతకబోయి నాకు అతికేడు."

"అయితే ఓపీ సీటీలో తప్పు రాసీసుంటారు. అది సూసొచ్చుంటాడు."

"సీటీ రాయించింది నానే. సూరాడ ఎల్లారావు, సూరాడ, సూరాడ అని అరిసి మరీ రాయించేను."

"మరి మైలపల్లని ఆడికెవులు సెప్పేరు? పోతమ్మా?"

"ఊఁ."

"ఏటాలోసిస్తన్నావు?"

"ఏటీ లేదు. ఆ పళ్ళిలగియ్యి, కిటికీలోంచి ఇసిరీస్తాను."

"పళ్ళేం పాపం సేసేయే?"

"అప్పా! బావా! ఇడ్లీలు తెచ్చేను, ఏడేడిగా."

"రారా అప్పలరాజా. ఇలగ మంచం మీద కూకో. ఆటో ఎక్కడెట్టేవు?"

"గేటు కాడ. బావా, ఎలగుంది?"

"నీ పుణ్యాన ఊపిరుందిరా. నీ ఆటో ఆ రోజు ఎనకే రాకపోతే రోడ్డు మీదే పోదును. మీ అప్పకి కూడా సెప్పేను, తమ్ముడంటే నీ తమ్ముడే అని."

"ఊరుకో బావా. మనలో మనకేటి. ఆయనొచ్చెళ్ళేడా?"

"ఎవులాయన?"

"అదే... డాక్టరప్పా."

"డాక్టరు రేపొస్తాడు. ఒరే తమ్ముడూ, నాకొకటి సెప్పు. ఆసుపత్రి గేటు కాడ ఆటోలోళ్ళందరూ నీకు తెలుసు కదా. దెబ్బలు తగిలినోళ్ళ సంగతి సెప్తే ఆటోలోళ్ళకి ఎంతో కొంతిచ్చే మనుషులు తిరుగుతారంట. నిజమేనా?"

"ఎవులో తిరుగుతారు. మనకెందుకు? ఇడ్లీ తిను."

"ఎవులు తిరుగుతారు?"

"నాకేటి తెలుసప్పా? నాను పొద్దుట్నించీ దువ్వాడ, గాజువాక ట్రిప్పులేసుకుంటన్నాను."

"ఆడ్నేటే పోలీసులాగ అడుగుతన్నావు? ఆడే లేకపోతే నానెక్కడున్నాను?"

"నువ్వుండు మావా."

"సరిగ్గా సెప్పేవు బావా. తిను, సల్లారిపోతాది. తిరుమలరావు గారొచ్చీలోపు ఒక్క ఇడ్లీ అయినా తినీ. ఏటి బావా అలగ సూస్తన్నావు?"

"ఆయన పేరు నీకెవులు సెప్పేరురా?"

"అప్పే... అప్పే సెప్పింది కదా నిన్న."

"నాను నిన్న ఆడి పేరే ఇన్లేదు."

"అయితే నువ్వే సెప్పేవు బావా. మత్తులో ఉన్నావు, గేపకం లేదు నీకు."

"నాను సెప్పలేదురా అప్పలరాజా."

"అప్పా, నీ మీదొట్టు. మంచి ప్లీడరు దొరుకుతాడని, బావకి మేలవుతాదని..."

"ఒట్టెయ్యకు. నా తల మీంచి సెయ్యి తీ."

"అప్పా..."

"ఇంకోసారి ఎవులి బావనైనా అమ్ముకున్నప్పుడు, నీ ఇంటిపేరు సెప్పకురా తమ్ముడూ. ఆళ్ళ ఇంటిపేరు సెప్పు."